పెద్దామె వంతు

నేను మనిషి మొహం కన్నా ముందు చేతులు చూస్తాను. పెళ్ళికెళ్ళి అక్షింతలు వేస్తూ కూడా నగలు చూడకుండా పెళ్ళికూతురి వేళ్ళ కణుపులు చూస్తానని మా ఆయన విసుక్కుంటాడు. ఏం చెయ్యను, కీళ్ళవాతం డాక్టరుని. నరసరావుపేటలో నా క్లినిక్ తలుపు కాస్త బిగుతు. దాన్ని అరచేత్తో తోసేవాళ్ళకి రోగం అదుపులో ఉన్నట్టు, మోచేత్తో తోసేవాళ్ళకి ఇంకా సర్దుకోనట్టు. బాగుచేయించమని కాంపౌండరు ఎన్నిసార్లు చెప్పినా నేను వినలేదు.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ఆ తలుపుని భుజంతో తోసింది.

పిడుగురాళ్ల నుంచి వచ్చింది. ముప్పై దాటి ఎంతోకాలం అయి ఉండదు. భర్తకి సున్నపు బట్టీలో పని. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. అప్పటికి సూదిలో దారం ఎక్కించడం అటుంచి, అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్ళు వంగడం లేదు. వెంట డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె, సవతి కూతురు. "పిన్నీ, ఇట్టా కూర్చో" అంటూ ఆమె చెప్పులు తీసి పక్కన పెట్టింది, కొంగు సర్దింది, నేనడిగినవాటికి సగం జవాబులు ఆ పిల్లే చెప్పింది. కడుపున పుట్టినవాళ్ళు చేసే సేవలు రోజూ చూస్తూనే ఉంటాను కాబట్టి నాకా పిల్ల మీద వెంటనే గౌరవం కలిగింది.

ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అని అడిగాను. మా అక్కకి ఉండేది అంది ఆమె. అక్కంటే తోడబుట్టింది కాదు, తన భర్త మొదటి భార్య, ఆ అమ్మాయి కన్నతల్లి. వేళ్ళు కొంకర్లు పోయి, ఏ డాక్టరుకీ చూపించకుండా, షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగీ మింగీ చివరికి కడుపులో పుండు పగిలి పోయిందట. ఇద్దరికీ రక్తసంబంధం ఏమైనా ఉందా అని గుచ్చి గుచ్చి అడిగాను. లేదు. పెద్దామెది గురజాల వైపు, ఈమెది నాదెండ్ల దగ్గర. కులం ఒకటే తప్ప చుట్టరికం లేదు. ఈమె కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకి అదే జబ్బు ఈమెకీ వచ్చింది.

ఆమె మెడలో సూత్రాలతో పాటు చిన్న బంగారు బిళ్ళ ఒకటి ఉంది. మా వైపు కొన్ని ఇళ్ళలో రెండో భార్య అలా వేసుకుంటుంది. పోయిన మొదటి భార్య పేరు మీద బిళ్ళ. కొత్త చీర కొన్నా, కొత్త బియ్యం వండినా ముందు పెద్దామెకి పెట్టి, ఆ తర్వాతే తను తీసుకోవాలి. లేకపోతే పెద్దామె ఊరుకోదంటారు. నేను అలాంటివి నమ్మను. ఇద్దరు ఆడవాళ్ళకి ఒకే జబ్బు రావడం వింతేమీ కాదు, ఇది నలుగురికీ వచ్చే జబ్బే, బట్టీల దగ్గర ఎగిరే దుమ్ము కూడా ఒక కారణం కావచ్చు అని చెప్పాను. ఆమె తలూపి, ఇంకో మాట చెప్పింది.

"తెల్లారగట్ల ఎవరో వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంటారమ్మా. పొద్దెక్కిందాకా వదలరు."

పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోవడం ఈ జబ్బు లక్షణం. కట్టె అయిందంటారు, సంకెళ్ళు వేసినట్టుందంటారు. ఈమె మాత్రం ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు, ఏ భయమూ లేకుండా చెప్పింది. ఆ రోజు ఎందుకో ఆమె వెళ్ళాక తలుపు దగ్గరదాకా వెళ్ళి చూసి వచ్చాను.

మాత్రలతో లొంగలేదు. ఇంజెక్షన్ మొదలుపెట్టాం. ఒంట్లో కీళ్ళని వాపెక్కించే పదార్థాన్ని పట్టి ఆపే మందు అది. ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపి చేసేది కాదు, బతికున్న కణాల చేత తయారు చేయించేది. రెండు వారాలకోసారి బస్సెక్కి వచ్చి నా క్లినిక్‌లోనే, మా నర్సు చేత వేయించుకునేది. కొన్ని నెలలకి అరచేత్తో తలుపు తోసింది. ఇంకొన్నాళ్ళకి నాకో జాకెట్ కుట్టి తెచ్చింది. కొలతలు ఇవ్వలేదు, చూపుతోనే అంచనా కట్టిందట. గుంటూరులో నేను ఏళ్ళ తరబడి కుట్టించుకునే టైలరు కన్నా బాగా కుదిరింది. నాకు చానా సంతోషమైంది, అంటే పల్నాడు మాటలో చెప్పుకునేంత సంతోషం.

అయితే ఆ మందు ధర ఆ ఇంటికి మోయలేని బరువు. ఒక నెల వేయించుకుని ఒక నెల ఎగ్గొట్టే పరిస్థితి వచ్చింది. అప్పటికి అదే మందుని వేరే కంపెనీలు తయారు చేసి తక్కువ ధరకి ఇస్తున్నాయి. బయోసిమిలర్ అంటారు. అచ్చు నకలు కాదు, ఎందుకంటే బతికున్న కణాలు చేసేది ఎప్పుడూ అచ్చుగుద్దినట్టు రాదు, అసలు మందు కూడా ఒక్కో విడతకి రవ్వంత తేడా వస్తుంది. కానీ పని అదే, ఫలితం అదే. ఈ మాట రోగులకి చెప్పడానికి నా దగ్గరో ఉపమానం ఉంది. తోడు మీ ఇంట్లోదైనా పక్కింట్లోదైనా పాలు పెరుగే అవుతాయి కదా అంటాను. డూప్లికేట్ అన్న మాట ఎవరి నోటైనా వస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఆమె డూప్లికేట్ అనలేదు. అంతా విని, "మరి మొదటిదాన్నేం చేస్తారు?" అంది. ఏం చేస్తాం, వాడటం మానేస్తాం అన్నాను. "చెప్పకుండానే?" అంది ఆమె. నేను నవ్వేశాను. మా నర్సూ నవ్వింది. ఆమె నవ్వలేదు.

కొత్త మందుతో పాటు ఇంకో మార్పు కూడా జరిగింది. అది పెన్ను రూపంలో వస్తుంది, ఇంట్లోనే పొట్ట మీద ఎవరికి వాళ్ళు పొడుచుకోవచ్చు, బస్సు ప్రయాణం తప్పుతుంది. మా నర్సు దగ్గరుండి నేర్పించింది. ఫ్రిజ్‌లో పెట్టుకో, వేసుకునే ముందు కాసేపు బయట పెడితే చల్లదనం పోయి మంట పుట్టదు అని చెప్పింది. అమ్మాయి అంతా ఫోన్లో వీడియో తీసుకుంది.

ఆ తర్వాత వచ్చినప్పుడు నొప్పులు మొదలయ్యాయంది. నొక్కి చూశాను, వాపు పెద్దగా లేదు. ఇది నాకు కొత్త కాదు. మందు మారిందని తెలిస్తే చాలు, కొందరికి నొప్పులు తిరిగొస్తాయి. మందు పనిచేస్తూనే ఉంటుంది, మనసు ఒప్పుకోదు. ఇది మనసుతో వచ్చేదని ఆమెకి కొంచెం గట్టిగానే చెప్పి పంపాను.

మళ్ళీ వచ్చేసరికి కణుపులు వాచి ఉన్నాయి. మనసు నొప్పి తెస్తుంది గానీ కణుపుని అంత లావు చెయ్యలేదు. రక్తపరీక్షలో కూడా వాపు పెరిగినట్టే తేలింది. ఎడమ చెయ్యి ఉంగరం వేలితో మొదలైందని ఆమె అంటే పక్కనున్న అమ్మాయి మొహం పాలిపోయింది. వాళ్ళమ్మకీ ఆ వేలే ముందు వాచిందట.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది అది కాదు. ఆమె బాధపడటం లేదు. ఇన్నేళ్ళలో నా ముందు కూర్చున్న ఏ రోగి మొహంలోనూ అలాంటి తృప్తి చూడలేదు. పిల్లలకి కడుపు నిండా పెట్టి, తనకి మిగల్లేదన్న సంగతి చెప్పకుండా చెయ్యి కడుక్కునే తల్లి మొహంలా ఉంది. మందుకి ఒళ్ళు ఎదురు తిరిగిందేమో, వేరేది మార్చాలేమో అనుకుంటూ రెండు వారాల్లో రమ్మన్నాను. రాలేదు. ఫోన్ చేస్తే భర్త ఎత్తాడు. రానంటోందమ్మా, బాగానే ఉన్నానంటోంది, నేనేం చెయ్యను అన్నాడు.

ఇలాగే వదిలేస్తే ఇంకో ఏడాదికి ఆ వేళ్ళు వంకర తిరుగుతాయి. ఒకసారి తిరిగాక ఏ మందూ వాటిని వెనక్కి తేలేదు. ఆ జాకెట్ తొడుక్కున్న ప్రతిసారీ నాకు ఈ సంగతే గుర్తొచ్చేది. మాచర్లలో నెలకోసారి నాకు క్యాంపు ఉంటుంది. మే నెలలో అది ముగించుకుని తిరిగి వస్తూ పిడుగురాళ్లలో కారు ఆపించాను.

ఎండ నిలువునా కొడుతోంది. హైవే మీద లారీల మోత వీధిలోకి తిరగ్గానే తగ్గిపోయింది. గోడలు, రేకులు, అరుగు మీద ఆరేసిన బట్టలు, మందార ఆకులు, అన్నిటి మీదా సన్నటి తెల్లటి పొడి. మనిషన్నవాడు కనపడలేదు, నిద్రపోయే కుక్క మీద కూడా పొడి ఉంది. ఆ నిశ్శబ్దంలో ఒక ఇంట్లోంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. పనిచేసుకుంటోంది, పర్వాలేదు, అనవసరంగా కంగారుపడ్డాను అనుకుంటూ గుమ్మం ఎక్కాను.

ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. పాదాలు తొక్కుతున్నాయి, చక్రం తిరుగుతోంది, సూది పైకీ కిందకీ ఆడుతోంది. సూది కింద గుడ్డ లేదు, సూదిలో దారం లేదు. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పడి ఉన్నాయి.

నన్ను చూసి పాదాలు ఆపింది. "వేళ్ళు ఆడకపోతే కాళ్ళకేమొచ్చిందమ్మా. తిప్పకపోతే మిషను పట్టేస్తది" అంది మామూలుగా.

అమ్మాయి లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు అందుకుంటూ ఎదురుగోడ మీద ఫొటో చూశాను. దండ వేసి ఉంది. పట్టుచీర, మెడ నిండా నగలు, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు. అలవాటు కొద్దీ నా కళ్ళు ముందు వేళ్ళ మీదకే పోయాయి. నిటారుగా, నున్నగా, ఒక్క కణుపూ ఉబ్బకుండా ఉన్నాయి. వాళ్ళమ్మకి అసలు ఈ జబ్బు లేనే లేదేమో, వీళ్ళేదో అపోహ పడ్డారేమో అనిపించి అడిగాను. అమ్మాయి తల వంచుకుంది. అమ్మకి విడిగా ఫొటో లేదట. ఆధార్ కార్డులో మొహం తీసి, స్టూడియోవాళ్ళు తమ దగ్గరున్న ఎవరిదో ఒంటికి అతికించారట. ఆ చీర అమ్మది కాదండి, నగలు అమ్మవి కావు, ఆ చేతులు కూడా అమ్మవి కావు అంది. అప్పుడు మళ్ళీ చూస్తే ఆ మొహం మొహంలా లేదు, ఎవరి చేతుల్లోనో ఇరుక్కుపోయినట్టుంది.

ఫొటో కింద చెక్క బల్ల. దాని మీద వెలుగుతున్న దీపం, పక్కన ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో నేను రాసిచ్చిన ఇంజెక్షన్ పెన్ను. దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

ఎన్నాళ్ళ నుంచి ఇలా పెడుతున్నావని అడిగాను. మందు ఇంటికి రావడం మొదలైన దగ్గర్నుంచీ అంది. ఆస్పత్రిలో నర్సమ్మ వేసినన్నాళ్ళూ ఆ మందు ఈ గడప తొక్కలేదు కాబట్టి సరిపోయిందట. ఇంటికొచ్చిన కొత్త వస్తువు ఏదైనా ముందు పెద్దామెకి పెట్టాలి. వచ్చిన పూట పళ్ళెంలో పెడుతుంది, వేసుకునే రోజు దాకా అక్కడే. కాసేపు బయట పెట్టాలని నర్సమ్మే చెప్పింది కదా, ఆ బయట పెట్టే కాసేపు పెద్దామె వంతు అనుకుందట.

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. గాజు లోపల మందు తేటగానే కనపడుతోంది. ఇది పాడైనా వాసన రాదు, రంగు మారదు. కొత్త మందు మంచిది కాదని బంధువులు, అంతా ఆమె భ్రమని నేను, పెద్దామె మహిమని వీధివాళ్ళు తలో మాట అనుకుంటూ ఉంటే, మందు మాత్రం పల్నాడు ఎండలో దీపం పక్కన రోజుల తరబడి ఉడికి చచ్చిపోయింది. నాకు కోపం, జాలి ఒకేసారి వచ్చాయి. ఎండకి మందు చెడిపోతుందని, ఇన్నాళ్ళూ నువ్వు పొడుచుకున్నది నీళ్ళతో సమానమని చెప్పాను.

తప్పు తెలిసిన మనిషి అయ్యో అంటుందని ఎదురుచూశాను. ఆమె ఫొటో వైపు చూసి, నా వైపు తిరిగింది.

"అయితే ఆమెకి అందలేదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా విడమరిచి చెప్పింది. "చీరలెన్నో పెట్టానమ్మా. ఆమెకి కావాల్సింది చీరలు కాదు గదా. ఆ నొప్పికి ఇట్టాంటి మందుందని కూడా తెలియకుండా పోయింది. నాకు పనిచెయ్యకపోతంటే, ఆమెకి పనిచేస్తందనుకున్నా."

అమ్మాయి లోపలికి వెళ్ళింది. అప్పుడు ఆమె గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. పోయిన చలికాలంలో ఆ పిల్లకి పొద్దున పూట వేళ్ళు బిగుసుకుపోయేవట. జడ వేసుకోలేక ఏడ్చిందట. కన్నతల్లే కదా, కూతురు చెయ్యి పట్టుకోవాలని వచ్చిందనుకుంది ఈమె. పెన్ను పళ్ళెంలో పెట్టడం మొదలయ్యాక పిల్లకి మళ్ళీ రాలేదు. తన వేళ్ళు మాత్రం వాచడం మొదలుపెట్టాయి. బేరం కుదిరిందనుకుంది. అందుకే నా దగ్గరికి రావడం మానేసింది.

యాదృచ్ఛికం అన్నాను. కొత్తలో ఆ బిగుసుకోవడం వచ్చి పోతూ ఉంటుంది, చలి తగ్గితే తగ్గుతుంది అన్నాను. "అట్టాగే అనుకోండమ్మా" అంది. పోనీ ముందు నువ్వు వేసుకుని తర్వాత ఆ ఖాళీ పెన్ను పెద్దామె ముందు పెట్టుకో అన్నాను. నా మొహం మీద ఉమ్మినంత పని చేసింది. ఎంగిలి పెట్టమంటారా ఆమెకి అంది.

అమ్మాయిని పిలిచి చేతులు చూపించమన్నాను. కాస్త సంకోచించి చాపింది. ఒక్కో కణుపూ నొక్కాను. వాపు లేదు, నొప్పి లేదు. ఫొటోలో ఉన్న చేతుల్లా ఉన్నాయి అనిపించగానే వదిలేశాను. ఇద్దరూ క్లినిక్‌కి రావాలని, పిల్లకి రక్తపరీక్ష చేస్తానని, రాకపోతే మళ్ళీ ఇంటికొస్తానని బెదిరించాను. కారెక్కేదాకా వెనక మిషను చప్పుడు మళ్ళీ వినపడుతుందేమోనని చెవులు రిక్కించే ఉన్నాను. వినపడలేదు.

పిల్ల కోసమే వచ్చారు. రక్తం తీసి పంపాం. జబ్బు రాకముందే కొందరి రక్తంలో దాని గుర్తు కనపడుతుంది, కొన్ని నెలల ముందు, ఒక్కోసారి కొన్నేళ్ళ ముందు. అమ్మాయి రక్తంలో అది ఉంది, చాలా ఎక్కువగా ఉంది. మామూలుగా అలాంటి కాగితం చూస్తే తర్వాత ఏం చెయ్యాలా అని ఆలోచిస్తాను. ఆ రోజు మాత్రం ఆ మిట్టమధ్యాహ్నపు గది, ఆ పళ్ళెం కళ్ళ ముందు కదిలి, ఆ కాగితాన్ని బల్ల మీద బోర్లించి పెట్టాను.

మళ్ళీ పిలిపించి ఇద్దరికీ దాచకుండా చెప్పాను. ఇది జబ్బు కాదు, రావొచ్చని సూచన. రాకపోనూ వచ్చు. అమ్మాయి బుద్ధిగా విని, పరీక్షలు రాయొచ్చా అని అడిగింది. హాయిగా రాయమన్నాను. ఫోనొస్తే మాట్లాడటానికి బయటికి వెళ్ళింది. ఆమె నాతోనే ఉండిపోయింది.

"మరి నాకిచ్చే మందు దానికిప్పుడే ఇస్తారా?"

ఇవ్వకూడదమ్మా అన్నాను. రాని జబ్బుకి అంత మందు ఇవ్వం. కనిపెట్టుకుని ఉండాలి. మూడు నెలలకోసారి చూస్తాను, మొదటి వాపు కనపడగానే మొదలుపెడతాను.

"అంటే మీరు చూస్తా కూర్చుంటారు" అంది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నేను ఏదో ఒకటి పెట్టాను."

కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆమె రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. వేడిగా, బరువుగా ఉన్నాయి. రేపు ఆ పిల్లకి నిజంగానే వస్తే, గ్లాసు ఎత్తలేని పొద్దున ఎవరు తాగిస్తారు, జడ ఎవరు వేస్తారు, రవిక హుక్కులు ఎవరు పెడతారు అని అడిగాను. వాళ్ళమ్మ గోడ దిగి రాదు అన్నాను. ఈ వేళ్ళు నీవి కావు, దానివి, వీటిని ఎవరికీ ఇచ్చే హక్కు నీకు లేదు అన్నాను. నా గొంతు పెరిగిపోయిందని నర్సు తొంగి చూశాక తెలిసింది.

ఆమె తన చేతుల్ని చాలాసేపు చూసుకుంది. తర్వాత వెనక్కి లాక్కుని, "ఇయ్యండి. కానీ ఇక్కడే. ఇంటికి తీసుకపోను" అంది.

నర్సు ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసింది, కొత్త మందే. కాసేపు బల్ల మీద పెట్టి, చల్లదనం పోయాక మూత తీసింది. ఆమె చీర కుచ్చిళ్ళు కొద్దిగా సడలించుకుని పొట్ట చూపించింది. నర్సు వంగబోతుంటే, ఒక్క నిమిషం ఆగమంది.

తన పక్కనున్న కుర్చీ వైపు తిరిగింది. అందులో నా హ్యాండ్‌బ్యాగు ఉంది. ఆమె నన్నేమీ అడగలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. నేను లేచి వెళ్ళి బ్యాగు తీసేశాను. నర్సు నా వైపు చూసింది, నేను నర్సు వైపు చూడలేదు. ముగ్గురం ఆ కుర్చీ వైపే చూస్తూ ఆగాం.

కాసేపటికి ఆమె తలూపింది.

"ఇంక నాకియ్యమ్మా" అంది నర్సుతో.